పర్వతం ఎదిగేదీ, భూమి కంపించేదీ ఒకే కదలికతో

1835 ఫిబ్రవరి 20న చిలీ తీరాన్ని పెద్ద భూకంపం కుదిపేసింది. కాన్సెప్సియోన్ నగరం దాదాపుగా నేలమట్టమైంది. బీగిల్ అనే ఓడలో ప్రపంచయాత్ర చేస్తున్న యువ ప్రకృతి శాస్త్రవేత్త చార్లెస్ డార్విన్ రెండు వారాల తర్వాత అక్కడికి చేరాడు. కూలిన ఇళ్లు ఆయన్ను కలచివేశాయి. అయితే శాస్త్రానికి ఉపయోగపడిన పరిశీలన మరొకటి ఉంది. ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ దగ్గర్లోని శాంతా మరియా దీవిలో కొలతలు తీశాడు. అక్కడ రాళ్లకు అంటుకున్న ఆల్చిప్పలు అంటుకున్నట్టే ఉన్నాయి, కానీ పోటు నీరు అందని చోట, దాదాపు 3 మీటర్ల ఎత్తున, చచ్చి కుళ్లిపోతున్నాయి. సముద్రం వెనక్కి తగ్గలేదు, దీవే పైకి లేచింది. చిలీ కొండల మీద సముద్రపు గవ్వల పొరలను అంతకుముందే చూసిన డార్విన్ ఈ రెంటినీ కలిపి ఆలోచించాడు. ఇలాంటి కుదుపులు వేల సార్లు వస్తే ఆండీస్ అంతటి పర్వతాలు లేవడానికి వేరే మహోత్పాతం ఏదీ అక్కర్లేదు.

ఆ ఊహలో చాలా భాగం నిజం. ఒక్క కుదుపులో లేచినదంతా లేచినట్టే ఉండిపోతుందా అన్నచోట మాత్రం లెక్క మారుతుంది. ఆ తేడా అర్థమైతే పర్వతాలు, భూకంపాల మధ్య ఉన్న బంధం చాలావరకు అర్థమైనట్టే. అందుకు ముందు నేల అసలు ఎందుకు కదులుతుందో చూడాలి.

కదిలే ఫలకాలు

భూమి గట్టి పైపొర ఒకే ముక్క కాదు. ఏడెనిమిది పెద్ద ఫలకాలు, మరెన్నో చిన్న ఫలకాలు కలిసి భూగోళాన్ని కప్పి ఉన్నాయి. వీటినే టెక్టానిక్ ప్లేట్లు అంటారు. పైన ఉండే భూపటలం, దాని కింద ఎంతో లోతు దాకా సాగే రాతి పొర అయిన మాంటిల్‌లోని గట్టి పైభాగం రెండూ కలిస్తే ఒక ఫలకం. మందం సుమారు 100 కిలోమీటర్లు. అందులో పటలం వాటా ఖండాల కింద 35 నుంచి 40 కిలోమీటర్లు, సముద్రాల కింద ఆరేడు కిలోమీటర్లే. ఖండం, ఫలకం ఒకటే అనుకోకూడదు. భారత ఫలకంలో ఉపఖండంతో పాటు హిందూ మహాసముద్రపు అడుగు కూడా పెద్ద భాగమే ఉంది.

ఈ ఫలకాలు మరిగే లావా సముద్రం మీద తేలుతున్నాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మాంటిల్ దాదాపు మొత్తం ఘనపదార్థమే. భూకంప తరంగాల్లో ఎస్ తరంగాలు ద్రవం గుండా ప్రయాణించలేవు, మాంటిల్ గుండా మాత్రం చక్కగా సాగిపోతాయి. అయితే అక్కడి వేడి వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటుంది. అంత వేడిలో రాయి కరగకపోయినా, లక్షల ఏళ్ల మీద చూస్తే నెమ్మదిగా సాగి ప్రవహిస్తుంది. ఫలకాలు జారడానికి ఆ మెత్తదనం చాలు.

ఖండాలు కదులుతాయని 1912లో ఆల్ఫ్రెడ్ వెగెనర్ చెప్పినప్పుడు భూగర్భ శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. ఆఫ్రికా, దక్షిణ అమెరికా తీరాలు ఒకదానికొకటి సరిపోవడం, రెండు వైపులా ఒకే రకం శిలాజాలు దొరకడం ఆయన చూపిన ఆధారాలు. ఖండాన్ని కదిలించే బలం ఏమిటో ఆయన సరిగా చెప్పలేకపోయాడు. 1930లో గ్రీన్‌లాండ్ యాత్రలో చనిపోయాడు. ఈ వివాదాన్ని తేల్చింది సముద్రం అడుగు. 1950ల్లో అట్లాంటిక్ లోతు కొలతలను పటంగా గీస్తున్న మేరీ థార్ప్, నడిసముద్రంలోని పర్వతశ్రేణి మధ్యలో పొడవాటి చీలిక లోయను గుర్తించింది. ఆ చీలికల దగ్గరే కొత్త నేల పుట్టి రెండు వైపులకూ జరుగుతోందని 1962లో హ్యారీ హెస్ ప్రతిపాదించాడు. మరుసటి ఏడాది ఫ్రెడ్ వైన్, డ్రమండ్ మాథ్యూస్ సముద్రపు అడుగు రాళ్లలో చీలికకు రెండు వైపులా ఒకేలా ఉన్న అయస్కాంత చారలతో ఆ ప్రతిపాదనకు బలమిచ్చారు. అదే దశాబ్దంలో అణు పరీక్షలను పసిగట్టడం కోసం ప్రపంచమంతటా ఒకే రకం భూకంప మాపకాలు పెట్టారు. వాటి లెక్కలను పటం మీద గుర్తిస్తే భూకంపాల్లో అత్యధికం సన్నని పట్టీల వెంటే వరుస కట్టి కనిపించాయి. ఆ పట్టీలే ఫలకాల అంచులు. ఆయుధాల మీద నిఘా కోసం పెట్టిన పరికరాలు భూమి నిర్మాణాన్ని బయటపెట్టాయి.

వెగెనర్ చెప్పలేకపోయిన బలం సంగతికి వస్తే, మాంటిల్‌లో వేడి పదార్థం లేచి, చల్లబడి దిగే ప్రవాహాలు ఫలకాలను మోసుకుపోతాయని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. అది కొంతవరకే సరైన వివరణ. సముద్రపు అడుగు పుట్టినప్పుడు వేడిగా, తేలికగా ఉంటుంది. కోట్ల ఏళ్లలో చల్లబడి, దాని కిందున్న మాంటిల్‌ కన్నా బరువెక్కుతుంది. అప్పుడు దాని అంచు వంగి కిందికి దిగిపోతూ, వెనకున్న ఫలకం మొత్తాన్ని లాగుతుంది. ఫలకాలను నడిపే బలాల్లో ఇదే పెద్దదని ఇప్పుడు ఎక్కువమంది అంగీకరిస్తారు. చుట్టూ ఇలా దిగిపోయే అంచులున్న పసిఫిక్ ఫలకం ఏడాదికి ఏడెనిమిది సెంటీమీటర్లకు పైగా కదలడం, అలాంటి అంచులు పెద్దగా లేని అట్లాంటిక్ వైపు రెండు మూడు సెంటీమీటర్లతో సరిపెట్టుకోవడం దీనికి తగినట్టే ఉన్నాయి. సముద్రపు అడుగు దాదాపు ఎక్కడా 20 కోట్ల ఏళ్ల వయసు మించకపోవడానికి కారణమూ ఇదే. పాతబడ్డది పాతబడ్డట్టు లోపలికి వెళ్లిపోతోంది. బరువు తక్కువ కాబట్టి ఖండం అలా మునగదు. అందుకే 400 కోట్ల ఏళ్ల నాటి రాళ్లు ఖండాల మీదే దొరుకుతాయి.

అంచుల దగ్గర

రెండు ఫలకాలు దూరం జరిగే చోట నేల సాగి, పలచబడి, చీలుతుంది. ఐస్‌లాండ్‌లోనూ తూర్పు ఆఫ్రికాలోనూ ఇది నేల మీదే కనిపిస్తుంది. ఇక్కడి భూకంపాలు సాధారణంగా ఓ మోస్తరువే. ఫలకాలు పక్కపక్కన ఒరుసుకుంటూ జారే చోట పర్వతాలు పెద్దగా లేవవు, కానీ ప్రాణనష్టం మాత్రం భారీగా ఉండగలదు. 2023 ఫిబ్రవరి 6న తుర్కియే, సిరియాల్లో 50 వేల మందికి పైగా చనిపోయిన 7.8 తీవ్రత భూకంపం ఇలాంటి అంచు మీదే వచ్చింది. కాలిఫోర్నియాలోని శాన్ ఆండ్రియాస్ పగులు కూడా ఈ రకమే.

పర్వతాలు లేచేది ఫలకాలు ఎదురెదురుగా వచ్చే చోట. సముద్రపు ఫలకం ఖండం కిందికి దూరితే ఒక తీరు, రెండు ఖండాలు ఢీకొంటే మరో తీరు.

మొదటి తీరుకు దక్షిణ అమెరికా పడమటి తీరం మంచి ఉదాహరణ. అక్కడ పసిఫిక్ అడుగున ఉన్న నాజ్కా ఫలకం ఏడాదికి 6 నుంచి 7 సెంటీమీటర్ల చొప్పున ఖండం కిందికి పోతోంది. దూరే ఫలకంలోని ఖనిజాల్లో నీరు బంధించబడి ఉంటుంది. లోతుకు వెళ్లేకొద్దీ వేడికీ ఒత్తిడికీ ఆ నీరు విడుదలై పైనున్న మాంటిల్‌లోకి చేరుతుంది. నీరు కలిస్తే రాయి కరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. అలా పుట్టిన శిలాద్రవం పైకి వచ్చి అగ్నిపర్వతాలవుతుంది, కొంత పటలంలోనే గడ్డకట్టి దాన్ని మందం చేస్తుంది. పక్కల నుంచి పడే నొక్కుడుకు ఖండం అంచు మడతలు పడుతుంది. ఈ రెంటి ఫలితం ఆండీస్. ప్రపంచంలో నమోదైన భూకంపాల్లో అతి పెద్దది, 9.5 తీవ్రత గలది, 1960 మే 22న ఈ తీరంలోనే వచ్చింది. దాని సునామీ పసిఫిక్ దాటి హవాయిలోనూ జపాన్‌లోనూ ప్రాణాలు తీసింది. 2004 డిసెంబరులో హిందూ మహాసముద్రపు సునామీకి కారణమైన సుమత్రా భూకంపం, 2011లో జపాన్ భూకంపం కూడా ఇలా దూరే అంచుల మీదివే. 9 దాటిన భూకంపాలకు ఇలాంటి చోట్లే నెలవు, ఎందుకంటే వందల కిలోమీటర్ల పొడవున ఒకేసారి జారగల ఏటవాలు తలం ఇక్కడే ఉంటుంది.

రెండో తీరుకు హిమాలయాలను మించిన ఉదాహరణ లేదు. దక్షిణార్ధగోళం నుంచి బయల్దేరిన భారత ఫలకం ఒక దశలో ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా వేగంతో ఉత్తరానికి వచ్చింది. ఫలకాల లెక్కలో అది అసాధారణమైన వేగం. దారిలో ఉన్న టెథిస్ సముద్రపు అడుగు ఆసియా కిందికి పోయింది. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఖండం ఖండాన్ని తాకింది. రెండూ తేలికైనవే కాబట్టి ఏదీ పూర్తిగా మునగలేదు. వేగం బాగా తగ్గింది కానీ కదలిక ఆగలేదు. ముందున్న రాళ్లు పొరలు పొరలుగా తెగి, ఒకదాని మీదికొకటి ఎక్కాయి. ఎవరెస్ట్ శిఖరం మీద సముద్ర జీవుల శిలాజాలున్న సున్నపురాయి ఉండటానికి కారణం ఇదే. దిగిపోయే సముద్రపు ఫలకం ఇప్పుడు అక్కడ లేదు కాబట్టి, నీరు చేరి రాయి కరిగే పని జరగక, హిమాలయాల్లో ఆండీస్ లాంటి అగ్నిపర్వతాల వరుస లేదు.

ఈ పర్వతాల కింద ఏముందో చెప్పే మొదటి గట్టి ఆధారం సర్వే లెక్కల్లోంచి వచ్చింది. 19వ శతాబ్దంలో జార్జ్ ఎవరెస్ట్ నాయకత్వంలో భారతదేశాన్ని కొలిచినప్పుడు కల్యాణ్‌పూర్, కలియానా అనే రెండు చోట్ల మధ్య దూరం నేల మీది కొలతతో ఒకలా, నక్షత్రాలను బట్టి మరోలా వచ్చింది. తేడా సుమారు 5 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను). నక్షత్రాల కొలతకు నిలువు దిశ చూపే లంబసూత్రాన్ని, అంటే బరువు కట్టి వేలాడదీసిన దారాన్ని, హిమాలయాల ద్రవ్యరాశి తన వైపు లాగుతోందేమో అని జాన్ ప్రాట్ లెక్క కట్టి చూస్తే, అంత పెద్ద పర్వతాలకు 15 ఆర్క్ సెకన్లకు పైగా తేడా రావాలి. అంటే పర్వతం ఉండాల్సినంతగా లాగడం లేదు. 1855లో జార్జ్ ఎయిరీ దీనికి చెప్పిన జవాబు నేటికీ నిలిచింది: పర్వతం కింద తేలికైన పటలం లోతుగా వేరులా దిగి ఉంది, అది అక్కడ ఉండాల్సిన బరువైన మాంటిల్‌ను పక్కకు నెట్టేసింది. టిబెట్ కింద పటలం మందం 70 కిలోమీటర్ల దాకా ఉందని తర్వాత తేలింది. పైకి కనిపించే 8 కిలోమీటర్ల ఎత్తుకు, దానికి ఎన్నో రెట్ల లోతు ఆసరాగా ఉందన్నమాట.

తాళం పడ్డ తలం

ఫలకం లోపలి భాగం ఏడాది పొడవునా ఒకే తీరున కదులుతుంది. జీపీఎస్ ఈ కదలికను మిల్లీమీటర్లలో కొలుస్తుంది. అంచు దగ్గర అలా ఉండదు. పైన పది పదిహేను కిలోమీటర్ల లోతు దాకా రాయి చల్లగా, పెళుసుగా ఉంటుంది. అక్కడ రెండు తలాలు ఒరిపిడితో బిగుసుకుపోతాయి. వెనక నుంచి వచ్చే కదలిక ఆగదు, ముందు తలం కదలదు. మధ్యలో ఉన్న రాయి వంగుతుంది. వెదురు బద్దను రెండు చేతులతో వంచుతూ పోతే అది కొంతసేపు ఓర్చుకుని ఒక్కసారిగా చిట్లుతుంది. రాయీ అంతే. 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపంలో కంచెలు, రోడ్లు కొన్నిచోట్ల మీటర్ల కొద్దీ పక్కకు తెగి జరిగాయి. భూకంపానికి ముందు, తర్వాత తీసిన సర్వే కొలతలను పోల్చి హ్యారీ ఫీల్డింగ్ రీడ్ ఈ వివరణ ఇచ్చాడు. భూకంపం నాడు కొత్తగా పుట్టే శక్తి ఏమీ లేదు. దశాబ్దాలుగా, శతాబ్దాలుగా వంగిన రాయిలో దాచుకున్నది నిమిషాల్లో బయటపడుతుంది.

హిమాలయాల్లో ఈ లెక్క వేయడం కష్టం కాదు. భారత, యురేసియా ఫలకాలు ఏడాదికి 4 సెంటీమీటర్లకు అటూ ఇటూగా దగ్గరవుతున్నాయి. అందులో దాదాపు సగం, అంటే 2 సెంటీమీటర్లు, హిమాలయాల కిందున్న తలం మీదే పడుతోంది. మిగతాది టిబెట్, ఇంకా ఉత్తరాన ఉన్న పర్వతాలు పంచుకుంటాయి. నూరేళ్లకు 2 మీటర్లు, ఐదు వందల ఏళ్లకు 10 మీటర్ల జారుడు బాకీ పడుతుంది. దాన్ని చిన్న భూకంపాలు తీర్చలేవు. తీవ్రత ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లవుతుంది. ఒక్క 8 తీవ్రత భూకంపానికి సరిపడాలంటే 6 తీవ్రత భూకంపాలు వెయ్యి కావాలి. చిన్నవి వస్తుంటే పెద్దది రాదులే అనే నమ్మకానికి ఆధారం లేదు.

డార్విన్ ఊహ దగ్గరికి ఇప్పుడు తిరిగి రావచ్చు. 2010 ఫిబ్రవరి 27న, 175 ఏళ్ల తర్వాత, చిలీలో అదే భాగం 8.8 తీవ్రతతో మళ్లీ జారింది. శాంతా మరియా దీవి మళ్లీ మీటరుకు మించి లేచింది. అయితే పాత నౌకా పటాల లోతు కొలతలను సరిచూస్తే, రెండు భూకంపాల మధ్య ఆ దీవి మెల్లగా కుంగుతూ వచ్చిందని తెలిసింది. కింద దూరే ఫలకం, బిగుసుకున్న అంచును తనతో పాటు కిందికి లాగింది. భూకంపం ఇచ్చిన ఎత్తులో పెద్ద భాగాన్ని తర్వాతి దశాబ్దాలు వెనక్కి తీసుకున్నాయి. మిగిలిపోయేది కొద్ది భాగమే. ఆ మిగులే లక్షల ఏళ్ల మీద పోగుపడుతుంది.

హిమాలయాల్లో ఇది ఇంకోలా జరిగింది. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో భూమి కంపించినప్పుడు కాఠ్మండూ ప్రాంతం దాదాపు ఒక మీటరు పైకి లేచి, దక్షిణానికి మీటరున్నరకు పైగా జరిగింది. దానికి ఉత్తరాన ఉన్న ఎత్తైన పర్వతాలు మాత్రం అర మీటరు దాకా కుంగాయి. భూకంపం పర్వతాన్ని పెంచాలి కదా అనిపిస్తుంది. ఎత్తైన శిఖరాలు లేచేది ముఖ్యంగా భూకంపాల మధ్య కాలంలో. బిగుసుకున్న తలానికి వెనక ఉన్న రాయి నొక్కుడుకు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. తలం జారగానే ఆ ఉబ్బులో కొంత దిగిపోతుంది, పర్వతపాదం లేస్తుంది. ప్రతి చక్రంలోనూ లేచినదానికీ దిగినదానికీ మధ్య మిగిలే తేడానే పర్వతానికి దక్కుతుంది. ఆ తేడా ఏడాదికి 1 మిల్లీమీటరే అనుకున్నా పది లక్షల ఏళ్లకు కిలోమీటరు అవుతుంది. కాబట్టి భూకంపం పర్వత నిర్మాణానికి ప్రమాదవశాత్తూ తగిలిన అడ్డంకి కాదు. ఆ నిర్మాణం జరిగే పద్ధతిలోనే అది ఒక భాగం.

మరి హిమాలయాలు 20 కిలోమీటర్ల ఎత్తుకు ఎందుకు పెరగలేదు? ఒక హద్దు దాటితే తన బరువుకు తానే పక్కలకు సాగడం మొదలవుతుంది. టిబెట్ పీఠభూమి తూర్పు పడమరలకు సాగుతున్న ఆనవాళ్లు ఉన్నాయి. రెండోది కోత. గంగ, బ్రహ్మపుత్ర మోసుకెళ్లిన హిమాలయాల మట్టి బంగాళాఖాతం అడుగున దాదాపు 3,000 కిలోమీటర్ల పొడవున, కొన్నిచోట్ల పదిహేను కిలోమీటర్లకు మించిన మందంతో పేరుకుంది. కనబడే పర్వతం కన్నా కరిగిపోయిన పర్వతం ఎక్కువ. పైన బరువు తగ్గితే కింది వేరు కొంత పైకి లేస్తుంది, లోతుల్లో పుట్టిన రాళ్లు శిఖరాల దగ్గర బయటపడతాయి. ఢీకొనడం ఆగిపోతే ఆరావళి, యూరల్ పర్వతాల్లా కోతే గెలుస్తుంది.

అంచులకు దూరంగా ఉంటే భయం లేదనుకోవడానికీ వీల్లేదు. ఢీ తాలూకు ఒత్తిడి ఫలకం అంతటా పాకుతుంది. ఎప్పుడో కోట్ల ఏళ్ల కిందట చీలి, తర్వాత మర్చిపోయిన పాత పగుళ్లు దానికి లొంగుతాయి. 2001లో కచ్‌ను కుదిపేసింది అలాంటిదే. 1993 సెప్టెంబరు 30న లాతూర్ ప్రాంతంలో 6.2 తీవ్రత భూకంపం వేల మందిని బలితీసుకుంది. అంతవరకు స్థిరమైనదని పేరున్న భూభాగం అది. ఇలాంటి చోట్ల రెండు భూకంపాల మధ్య వేల ఏళ్లు గడవవచ్చు కాబట్టి మనుషుల జ్ఞాపకం ఏ సహాయమూ చేయదు.

రోజు తెలియదు, బాకీ తెలుసు

భూకంపం ఎప్పుడొస్తుందో ముందే చెప్పడానికి ఎన్నో ప్రయత్నాలు జరిగాయి. చైనాలో 1975 ఫిబ్రవరిలో హైచెంగ్ భూకంపానికి ముందు వరుస చిన్న కుదుపులు చూసి జనాన్ని బయటికి పంపగలిగారు. మరుసటి ఏడాది తాంగ్‌షాన్‌లో అలాంటి హెచ్చరికేదీ లేకుండా వచ్చిన భూకంపంలో అధికారిక లెక్క ప్రకారమే 2 లక్షల 40 వేల మందికి పైగా చనిపోయారు. కాలిఫోర్నియాలోని పార్క్‌ఫీల్డ్‌లో సగటున 22 ఏళ్లకోసారి 6 తీవ్రత భూకంపం వస్తుండటంతో, 1993లోపు తర్వాతిది వస్తుందని అంచనా వేసి పరికరాలు బిగించారు. అది 2004లో వచ్చింది. అన్ని పరికరాల మధ్య కూడా ముందస్తు సూచన అంటూ స్పష్టంగా ఏదీ దొరకలేదు. తేదీ చెప్పి భయపెట్టే వాట్సాప్ మెసేజ్‌లను నమ్మకపోవడానికి ఈ ఒక్క అనుభవం చాలు.

తేదీ తెలియకపోయినా ఎక్కడ, ఎంత అన్నది చాలావరకు తెలుసు. కాఠ్మండూకు పడమర నుంచి ఉత్తరాఖండ్ వైపు సాగే హిమాలయ భాగంలో చివరి మహా భూకంపంగా గుర్తించినది 1505 నాటిది. పైన చెప్పిన లెక్కలో అది 10 మీటర్ల జారుడు.

ఆ లెక్క ప్రాణనష్టంగా మారుతుందా లేదా అన్నది ఇళ్ల మీద ఆధారపడుతుంది. 2010లో హైతీలో వచ్చింది 7.0, చిలీలో వచ్చింది 8.8. చిలీ భూకంపం విడుదల చేసిన శక్తి దాదాపు 500 రెట్లు. హైతీలో లక్షకు పైగా చనిపోగా చిలీలో సునామీతో కలిపి సుమారు 500 మంది. హైతీ భూకంపం రాజధానికి బాగా దగ్గరగా, తక్కువ లోతులో రావడం ఈ తేడాకు ఒక కారణం. దశాబ్దాలుగా చిలీలో అమలవుతున్న కఠినమైన నిర్మాణ నియమాలు, హైతీలో అలాంటివి అమలు కాకపోవడం మరో పెద్ద కారణం. 2015లో నేపాల్‌లో దాదాపు 5 లక్షల ఇళ్లు కూలాయి. వాటిలో అత్యధికం రాళ్లు, ఇటుకలు బురద మట్టితో పేర్చినవి. గోడలు మూలల్లో విడిపోయి పైకప్పు కిందికి వచ్చింది. వేలాది బడి గదులూ అలాగే కూలాయి. అది శనివారం, అక్కడ బడులకు సెలవు. కాఠ్మండూ లోయలో అంతకుముందు ఏళ్లలో గోడలకు ఇనుప కడ్డీలతో, అడ్డంగా కాంక్రీటు పట్టీలతో బలం కట్టిన బడి భవనాలు మాత్రం నిలబడ్డాయి. ఆ పని కొత్త భవనం కట్టడం కన్నా చాలా తక్కువ ఖర్చుతో, స్థానిక మేస్త్రీలకు శిక్షణ ఇచ్చి చేసినది.